ముక్కు కొలత నుంచి పోలీసు రిజిస్టరు దాకా

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మెడికల్ కాలేజీ పిల్లలు కూడా వచ్చారని చెప్పారు, చాలా సంతోషం. మీతో ఒక పని ఉంది, అది చివర్లో చెప్తాను.

ముందు అందరూ ఒక లెక్క వినండి. మీ ముక్కు వెడల్పు ఎంతో కొలవండి. దాన్ని వందతో గుణించి, ముక్కు పొడవుతో భాగించండి. 70 కంటే తక్కువ వస్తే మీది సన్నటి ముక్కు. 70కీ 85కీ మధ్య వస్తే మధ్యరకం. 85 దాటితే వెడల్పు ముక్కు. దీనికి నాసికా సూచిక అని పేరు పెట్టారు. ఫ్రాన్సులో పుట్టిన లెక్క ఇది. ఈ లెక్కను పట్టుకుని మన దేశంలో ఒక ఐసీఎస్ అధికారి ఏం రాశాడో తెలుసా? ఏ కులం ముక్కు సగటున ఎంత వెడల్పుగా ఉంటే, సమాజంలో ఆ కులం అంత కింద ఉంటుందని రాశాడు. ఇదొక నియమం అన్నాడు.

ఆయన పేరు హెర్బర్ట్ హోప్ రిస్లీ. ఎవరో ఊరూ పేరూ లేనివాడు కాదు. 1891లో బెంగాల్ తెగలూ కులాల మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించినవాడు. 1901 జనాభా లెక్కలకు కమిషనర్. దేశంలో ఉన్న మనుషులందరినీ ఏ గడిలో రాయాలో నిర్ణయించే కుర్చీలో కూర్చున్నవాడు. ఆ లెక్కల్లో కులాలను సామాజిక హోదా ప్రకారం పైనుంచి కిందికి వరస పెట్టి రాయమన్నాడు. దాంతో ఏమైంది? మా కులాన్ని పైన రాయండి, మేం క్షత్రియులం, మేం ఫలానా రుషి సంతానం అంటూ దేశమంతటి నుంచీ అర్జీలు వచ్చి పడ్డాయి. సర్కారు వారి కాగితం మీద మన స్థానం ఎక్కడ అన్న గొడవ అప్పటి నుంచి మనల్ని వదల్లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి అడుగుదాం. రిస్లీ ముక్కులు కొలిచాక కులాల వరస బయటపడిందా? లేక కులాల వరస ముందే మనసులో పెట్టుకుని ముక్కులు కొలిచాడా? ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. రేస్ సైన్స్ అని ఇంగ్లీషులో అనే ఈ జాతి శాస్త్రం, రెండు వందల ఏళ్లలో ఏ దేశంలో చూసినా, ఎవరు పైన ఎవరు కింద అన్నది కొలిచి తెలుసుకున్నది కాదు. అది ముందే తెలుసు అనుకున్నారు. కొలతను సాక్ష్యం చెప్పడానికి పిలిచారు.

అమెరికా సంగతి చెప్తాను. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మార్టన్ అనే డాక్టరు ఉండేవాడు. ప్రపంచం నలుమూలల నుంచీ పుర్రెలు తెప్పించి పోగుచేశాడు. కొన్ని సమాధులు తవ్వి తెచ్చినవి. కొన్ని దిక్కులేని పేదలవి, బానిసలవి. పుర్రెలో గింజలు పోసి ఎన్ని పట్టాయో కొలిచేవాడు. తర్వాత గింజలు మానేసి సీసపు గుళ్లు పోశాడు. 1839లో పుస్తకం వేశాడు. తెల్లవాళ్ల పుర్రె పెద్దది, నల్లవాళ్లది చిన్నది, కాబట్టి బుద్ధి కూడా అంతే అని దానిని చదివినవాళ్లు తీర్మానించుకున్నారు. బానిసలను పెట్టుకున్న దక్షిణాది రాష్ట్రాలకు అంతకంటే ఏం కావాలి?

సరిగ్గా అదే కాలంలో, అంటే 1836లో, జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ టీడెమాన్ అనే ప్రొఫెసరు కూడా అదే పని చేశాడు. ఆయన పుర్రెల్లో చిరుధాన్యం గింజలు పోశాడు. ఏం చెప్పాడు? ఒక్కో గుంపు లోపలే పెద్ద పుర్రెలూ ఉన్నాయి, చిన్న పుర్రెలూ ఉన్నాయి, ఒక గుంపు కొలతలు ఇంకో గుంపు కొలతల్లో కలిసిపోతున్నాయి, కాబట్టి ఫలానా వాళ్లకు బుద్ధి తక్కువ అనడానికి ఆధారం లేదు, బానిసత్వానికి ఇది సమర్థన కాదు అన్నాడు. చూడండి. ఇద్దరూ పుర్రెలే కొలిచారు, ఇద్దరూ గింజలే పోశారు. ఒకాయన సగటు చూశాడు, ఇంకొకాయన సగటు చుట్టూ పరుచుకున్న మనుషులను చూశాడు. లోకం ఎవరి మాట విన్నది? మార్టన్ మాట. ఎందుకంటే అది అమ్ముడుపోయే మాట. ఆ పుర్రెలు చివరికి పెన్సిల్వేనియా యూనివర్సిటీ మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియం క్షమాపణ చెప్పింది ఎప్పుడో తెలుసా? 2021లో.

సరే, మన ఇంటికి వద్దాం. మద్రాసులో, ఎగ్మూరు మ్యూజియానికి 1885 నుంచి 1908 దాకా సూపరింటెండెంటుగా ఎడ్గర్ థర్‌స్టన్ అనే ఆయన ఉన్నాడు. అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఆయన, రంగాచారి అనే సహాయకుడు కలిసి తెచ్చిన ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. ఇప్పటికీ మనవాళ్లు తమ కులం చరిత్ర రాసుకోవాలంటే మొదట ఆ సంపుటాలే తెరుస్తారు. పాత పద్ధతులు, పండగలు, పెళ్లి తంతులు, ఎంతో సమాచారం అందులో ఉంది, కాదనను. కానీ అది ఎలా పోగైంది?

థర్‌స్టన్ సరంజామా తీసుకుని ఊళ్లకు, కొండలకు వెళ్లేవాడు. తల కొలిచే పట్టుకారు, ఎత్తు కొలిచే కర్ర. ఒంటి రంగు పోల్చి చూడటానికి రంగు అద్దాల పరికరం కూడా. ఆ అనుభవాలు తనే ముందుమాటలో రాసుకున్నాడు. వయనాడులో పణియ స్త్రీలు ఆయన్ని చూసి పరుగెత్తారట. తమలో బాగున్నవాళ్లను పట్టుకెళ్లి, లోపల గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. నీలగిరిలో ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే కర్రను చూసి అది ఉరికంబం అనుకుని రానన్నాడట. థర్‌స్టన్ వీటిని సరదా కబుర్లుగా రాశాడు. నాకు మాత్రం ఆ స్త్రీలకే విషయం బాగా అర్థమైందనిపిస్తుంది. తమను మనుషులుగా కాకుండా నమూనాలుగా చూసేవాడు వచ్చాడని వాళ్లకు తెలిసిపోయింది. ఆ ఇరుళ మనిషి సంగతీ అంతే. అడవి ఏనుగుకు సంబంధించిన ఏదో పాత కేసులో సర్కారు ఆయన కోసం వెతుకుతోంది. కొలిచేవాడూ సర్కారే, పట్టుకునేవాడూ సర్కారే. ఆయన భయం తప్పెలా అవుతుంది?

ఎందుకంటే అప్పటికే ఈ కొలతలకూ పోలీసుకూ చుట్టరికం కుదిరిపోయింది. నేరస్తుణ్ణి ఒంటి కొలతలతో గుర్తుపట్టే ఫ్రెంచి పద్ధతి మన పోలీసు దగ్గరికి వచ్చింది, దాని వెనకే వేలిముద్రలు వచ్చాయి. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలో పెట్టారు. లండన్‌లో కాదు, కలకత్తాలో! మందిని గుర్తుపెట్టుకోవలసిన అవసరం వలస పాలకుడికి అంతగా ఉంది.

ఇప్పుడు నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్న విషయానికి వస్తున్నాను. బాపట్ల నుంచి చీరాల వైపు రైల్లో వెళ్తే మధ్యలో ఒక స్టేషన్ వస్తుంది. స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే మీకేం గుర్తొచ్చిందో నాకు తెలుసు. సినిమాలు తీశారు, కథలు అల్లారు. దొంగల ఊరు అన్నారు. ఆ ఊరు ఎలా పుట్టిందో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను, కానీ ఆలోచించండి.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్, అంటే నేరస్త తెగల, చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో. ఆ చట్టం తెచ్చేటప్పుడు వినిపించిన వాదన ఏమిటంటే, ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతాడు, అలాగే నేరం కూడా కులవృత్తిగా ఉన్నవాళ్లు ఉంటారు, వాళ్లు పుట్టుకతో నేరస్తులు అని. మన కుల వ్యవస్థ గురించి వాళ్లకు అందిన జ్ఞానం, యూరప్‌లో వీస్తున్న రక్తసిద్ధాంతం, రెండూ కలిసి ఒక చట్టం అయ్యాయి. ఇటలీలో లాంబ్రోజో అనే డాక్టరు, నేరస్తుణ్ణి పుర్రె ఆకారం చూసి, దవడ చూసి చెప్పేయవచ్చని పుస్తకం రాసింది 1876లో. అంటే, ఆయన కంటే ఐదేళ్ల ముందే మన దగ్గర చట్టమే వచ్చేసింది. శాస్త్రం తర్వాత వచ్చి దానికి వత్తాసు పలికింది.

1911లో చట్టాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఇక్కడ పట్టుబడ్డవాళ్లలో ముఖ్యులు ఎరుకలవాళ్లు. ఎరుకలవాళ్లు అంటే ఎవరు? బుట్టలు అల్లేవాళ్లు, పందులు పెంచేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. మన యక్షగానాల్లో ఎరుకలసాని వచ్చి జరగబోయేది చెప్పే ఘట్టం మీకు తెలుసు. వాళ్లలో చాలామందికి ఇంకో పెద్ద జీవనాధారం ఉండేది. సముద్రతీరం నుంచి ఉప్పు గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకుని లోపలి ఊళ్లకు తీసుకెళ్లి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. రైలు వచ్చింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, పన్ను పెరిగాయి. అడవిలోకి వెళ్లి వెదురు కొట్టుకోవడానికి అటవీ చట్టాలు అడ్డొచ్చాయి. 1876-78 కరువు వచ్చింది. తిరిగి తిరిగి బతికేవాళ్ల కాళ్ల కింద దారి పోయింది. వాళ్లలో కొందరు దొంగతనం చేసి ఉండొచ్చు. ఆకలి పడ్డ ఏ ఊళ్లోనైనా అది జరుగుతుంది. దానికి కారణం రైలా, ఉప్పు పన్నా, కరువా అని అడగాల్సిన సర్కారు, కారణం వీళ్ల పుట్టుక అన్నది. ఎందుకంటే మొదటి మూడింటికీ బాధ్యత సర్కారుది. పుట్టుకకు ఎవరి బాధ్యతా ఉండదు.

ఇదే అసలు మర్మం, దయచేసి గుర్తుంచుకోండి. జాతి శాస్త్రం ఎప్పుడూ చేసే పని ఇది. పాలన చేసిన గాయాన్ని మనిషి ఒంట్లో ఉన్న లోపంగా చూపిస్తుంది.

ఆ చట్టం కింద నేరస్త తెగ అని సర్కారు ప్రకటించిన తెగలో పుడితే చాలు. నువ్వు ఏ తప్పూ చేయకపోయినా నీ పేరు, నీ వేలిముద్రలు రిజిస్టరులోకి ఎక్కుతాయి. పోలీసుకు హాజరు చెప్పుకోవాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. సర్కారు కోరితే సెటిల్‌మెంట్‌లో, అంటే కాపలా ఉండే కాలనీలో, పెడుతుంది. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా చట్టంలోనే రాసి ఉంది. రక్తంలో నేరం ఉందనుకుంటే, తల్లి ఒడి కూడా అనుమానంగానే కనిపిస్తుంది కదా.

అలాంటి సెటిల్‌మెంట్లలో ఒకటి స్టూవర్టుపురం. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు ఆ బాధ్యత అప్పగించారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. కావలిలోనూ సెటిల్‌మెంట్ ఉండేది, అది అమెరికన్ బాప్టిస్టుల చేతిలో. ఆ మిషనరీలు బళ్లు పెట్టారు, ఆస్పత్రి నడిపారు, ఆ సంగతి మరిచిపోకూడదు. అదే సమయంలో, చీరాలలో వచ్చిన పొగాకు పరిశ్రమకు కదలడానికి వీల్లేని కూలీలు కూడా అక్కడే దొరికారు. బయటికి పోవడానికి పాసు లేని మనిషి, కూలి గిట్టలేదని ఎక్కడికి పోతాడు?

స్వాతంత్ర్యం వచ్చే వేళకు మద్రాసులో ఆ చట్టం రద్దయింది, 1947లో. దేశం మొత్తానికీ ఏం చేయాలో తేల్చడానికి 1949లో కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు మన తిరుచానూరు మనిషి, మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ కమిటీ చట్టాన్ని ఎత్తేయమంది. 1952 ఆగస్టు 31న ఎత్తేశారు. అందుకే ఆ సముదాయాలవాళ్లు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. దేశానికి ఆగస్టు 15 వస్తే, వాళ్లకు ఇంకో ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది.

వచ్చిందా? చట్టం పోయింది, దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. ఈసారి పుట్టుక అనే మాట రాయలేదు. కానీ పాత రిజిస్టరు ఎవరి పేర్లతో నిండి ఉందో, కొత్త రిజిస్టరు మొదలుపెట్టేవాడి చేతికి అదే కదా దొరికేది. 1970ల నుంచి లవణం గారు, హేమలతా లవణం గారు స్టూవర్టుపురంలో ఎంత పనిచేశారో ఇక్కడ పెద్దవాళ్లకు తెలుసు. గోరా గారి కొడుకు, జాషువా గారి కూతురు. ఆ గుడిసెల మధ్య కూర్చుని, మీరు పుట్టుకతో దొంగలు కాదు అని నమ్మకంగా చెప్పినవాళ్లు వాళ్లు. ఆ మాట చెప్పాల్సి రావడమే ఎంత బాధ! 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది కదా, ఆ తీర్పులోనే విముక్త తెగల గురించీ చెప్పాల్సి వచ్చింది. చట్టం రద్దయిన డెబ్బై ఏళ్ల తర్వాత!

ఈ కొలతలకు ఎవరూ ఎదురు చెప్పలేదా అంటే, చెప్పారు. గట్టిగా చెప్పారు. కుల వ్యవస్థ ఒకే జాతి ప్రజల మధ్య గీసిన సామాజిక విభజనే తప్ప జాతి విభజన కాదని అంబేద్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. పంజాబు బ్రాహ్మణుడు పంజాబు చమారుకు దగ్గర, మద్రాసు బ్రాహ్మణుడు మద్రాసు పరయకు దగ్గర, ఇందులో జాతి ఎక్కడుంది అని అడిగారు. తర్వాత 1948లో ముక్కు కొలతల పట్టికలనే తీసుకుని, ఇది శాస్త్రమే అయితే బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతి అని మీ అంకెలే చెప్తున్నాయి అని చూపించారు. వాళ్ల కర్రతో వాళ్లనే కొట్టడం అంటే ఇదీ.

మానవ శాస్త్రవేత్త ఇరావతీ కర్వే బెర్లిన్ వెళ్లి యూజెన్ ఫిషర్ దగ్గర పరిశోధన చేశారు. ఆ ఫిషర్ నమీబియాలో సంకర సంతానాన్ని కొలిచి పేరు తెచ్చుకున్నవాడు, తర్వాత నాజీలకు పనికొచ్చినవాడు. పుర్రె కుడి ఎడమల తేడాకూ జాతికీ సంబంధం ఉందని ఆయన నమ్మకం. పాతికేళ్లు కూడా నిండని ఈ అమ్మాయి పుర్రెలు కొలిచి, అలాంటి సంబంధం లేదు అని థీసిస్ రాసి ఇచ్చింది. 1920ల చివర్లో, బెర్లిన్‌లో, గైడ్ ముందు! అమ్మాయిలూ, ఆమె గురించి చదవండి.

ఇంకొకాయన మనవాడు. సి.ఆర్. రావు గారు, మన ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివినవారు. కలకత్తాలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ దగ్గర చేరారు. రిస్లీ అచ్చువేసిన కొలతల్లో తప్పులు పట్టింది ఆ మహలనోబిసే. రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్‌లో తవ్విన పాత ఎముకల కొలతలు విశ్లేషించడానికి. అక్కడ ఆయన గురువు ఆర్.ఎ. ఫిషర్, ఈయన వేరే ఫిషర్. ప్రపంచానికి స్టాటిస్టిక్స్ నేర్పినవాడు, యూజెనిక్స్‌ను, అంటే మంచి సంతానమే పుట్టేలా మనుషుల్ని ఏరాలనే సిద్ధాంతాన్ని, గట్టిగా నమ్మినవాడు కూడా. మన పిల్లలు చదివే కోరిలేషన్, రిగ్రెషన్, ఇవన్నీ గాల్టన్, పియర్సన్ చేతుల్లో పెరిగాయి. వాళ్లిద్దరూ మంచి సంతానం, చెడ్డ సంతానం అని మనుషుల్ని ఏరాలనుకున్నవాళ్లే. ఆ పనిముట్లను పారేయమని నేను అనను. ఒక్క ముక్కుతో మనిషిని తేల్చలేవు, అనేక కొలతలు కలిపి చూడాలి, చూసినా గుంపులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి అని చూపించినవీ అవే పనిముట్లు. 1972లో జన్యువుల లెక్క తీస్తే, మనుషుల మధ్య ఉన్న తేడాల్లో సుమారు 85 శాతం ఒకే జనసముదాయం లోపలే ఉందని తేలింది. టీడెమాన్ చిరుధాన్యంతో చూసింది అదే.

అయితే మనవాళ్లందరూ ఎదురు తిరిగారని మాత్రం అనుకోకండి. చాలామందికి ఈ శాస్త్రం నచ్చింది. భగత్ సింగ్ థిండ్ అని పంజాబు మనిషి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు, పౌరసత్వం అడిగాడు. అప్పుడు అక్కడ తెల్లవాళ్లకూ, ఆఫ్రికా మూలాలవాళ్లకే పౌరసత్వం. 1922లో ఒజావా అనే జపాన్ ఆయన కేసులో, తెల్లవాడంటే శాస్త్రం చెప్పే కాకేసియన్ అని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయితే నేనూ కాకేసియన్‌నే, ఆర్యుణ్ణి, అగ్రకులం వాణ్ణి అన్నాడు థిండ్. అమెరికాలో తెల్లవాడు నీగ్రోను ఎలా చూస్తాడో, మా అగ్రకులం ఇక్కడి ఆదివాసీని అలాగే చూస్తుందని ఆయన తరఫున వాదించారు. వినడానికి సిగ్గుగా ఉంది కదూ? సుమారు మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, అదే కోర్టు, అదే జడ్జి సదర్లాండ్, శాస్త్రం సంగతి వదిలేయండి, మామూలు జనం ఎవర్ని తెల్లవాడంటారో వాడే తెల్లవాడు అన్నాడు. శాస్త్రం తమవైపు ఉన్నంతసేపూ శాస్త్రం కావాలి. అటు తిరిగితే అక్కర్లేదు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులకు కూడా దాన్ని లాగేసుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపే వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం పోయి, ఆస్తి పోయి, 1928లో ప్రాణం తీసుకున్నాడు. మన పిల్లలు ఇవాళ డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొనుక్కుంటున్నారు. వాళ్లు అక్కడ అడుగుపెట్టగలిగింది వలసలకు పెట్టిన జాతి కోటాలను 1965లో తీసేశాకే. అది నల్లజాతి పౌరహక్కుల పోరాటం వేసిన దారి.

జర్మనీ గురించి మీకు తెలుసు, వివరంగా చెప్పను. ఒక్క మాట. 1933లో నాజీలు తెచ్చిన నిర్బంధ సంతాన నిరోధ చట్టం కింద సుమారు నాలుగు లక్షల మందికి ఆపరేషన్లు చేశారు. దానికి నమూనా వాళ్లు సొంతంగా కనిపెట్టలేదు, అమెరికా రాష్ట్రాల చట్టాల్లో దొరికింది. 1927లో అమెరికా సుప్రీంకోర్టు వర్జీనియాలో క్యారీ బక్ అనే పేద తెల్ల పిల్లకు ఆపరేషన్ చేయొచ్చని తీర్పిచ్చింది. ఈ శాస్త్రానికి ఒకసారి తలుపు తీస్తే, తెల్లవాళ్లలోని పేదలను కూడా వదల్లేదు.

ఇప్పుడు మెడికల్ కాలేజీ పిల్లలకు. అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు ఉండేవాడు. బానిస పారిపోతే అది ఒక మానసిక రోగం అని 1851లో రోగానికి పేరు కూడా పెట్టాడు. ఆయనే ఊపిరితిత్తుల గాలి కొలిచే స్పైరోమీటర్‌తో, నల్లవాళ్లకు ఊపిరి సామర్థ్యం ఐదో వంతు తక్కువ అని రాశాడు. అలా మొదలైన ఆలోచన సరిదిద్దే అంకె రూపంలో ఇప్పటి మిషన్లలోకి కూడా వచ్చింది. నల్లవాళ్లకు 10 నుంచి 15 శాతం, ఆసియావాళ్లకు, అంటే మనకూ, 4 నుంచి 6 శాతం తగ్గించి నార్మల్ అంటూ వచ్చారు. అంటే, ఊపిరి నిజంగా తగ్గినవాడికి కూడా నీ జాతికి ఇది మామూలే అని రిపోర్టు వస్తుంది. గనుల్లో, పత్తి మిల్లుల్లో పనిచేసి ఊపిరి పాడైనవాడికి నష్టపరిహారం ఎలా దక్కుతుంది? ఈ లెక్కను మార్చమని అక్కడి ఛాతీ వైద్యుల సంఘం 2023లో చెప్పింది. కిడ్నీ పనితీరు లెక్కలో నల్లవాళ్లకు వేరే గుణకం ఉండేది, దానివల్ల మార్పిడి జాబితాలో వాళ్ల పేరు ఆలస్యంగా ఎక్కేది. అది 2021లో తీసేశారు.

ఇవి మీరు పుట్టాక జరిగినవి, పిల్లలూ. నేను అడిగే పని ఇదే. రేపు వార్డులో స్పైరోమెట్రీ రిపోర్టు మీ చేతికి వచ్చినప్పుడు, అందులో ప్రెడిక్టెడ్ అనే కాలమ్ చూడండి. ఆ అంకె ఎవరి ఊపిరి కొలిచి తయారుచేశారు, మిషన్‌లో ఏ జాతి అని ఎవరు నొక్కారు, ఎందుకు నొక్కారు అని మీ ప్రొఫెసర్ని అడగండి. జవాబు రాకపోతే మిషన్ మాన్యువల్ తెరిచి చూడండి, అందులో రాసి ఉంటుంది. ఇంక మీ ప్రశ్నలు అడగండి, మైకు అటు పంపిస్తారు.